నెలగంటకి వస్తాం

టికెట్లు తీసుకున్నామని ఫోన్‌లో చెప్పగానే మా అమ్మ అడిగే మొదటి మాట, "పండక్కి ఉంటారా?" అని. పెద్దది పుట్టినప్పటి నుంచీ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఉండం అమ్మా. డాలస్‌లో పిల్లల బడికి చలికాలం సెలవులు డిసెంబరు మూడో వారంలో ఇచ్చి, జనవరి మొదటి వారంలో మళ్లీ రమ్మంటారు. సంక్రాంతేమో 14నో 15నో. ఆ పది రోజుల తేడా మా ఇంట్లో ఎవరి వల్లా పూడలేదు.

దసరా, దీపావళి అయితే చంద్రుణ్ణి పట్టుకుని అటూ ఇటూ జరుగుతాయి, ఏదో ఒక ఏడు శనివారం నాడు పడతాయని ఆశ ఉంటుంది. సంక్రాంతి సూర్యుడిది. కదలదు. కదలదని నేనంటే, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ కాబట్టి మా నాన్న ఊరుకోరు. "కదులుతుంది, నీకు వ్యతిరేక దిశలో" అన్నారు. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజేనట. అంటే అప్పుడు 12న వచ్చిన పండగ ఇప్పుడు 14, 15కి జరిగింది. సుమారు డెబ్బై ఏళ్లకి ఒక రోజు. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే 1,700 ఏళ్ల కిందట డిసెంబరు 21 దగ్గరికి వస్తుంది, మా సెలవుల్లో చక్కగా సరిపోయేది. "మనమే అమెరికా వెళ్లడం ఆలస్యం చేశాం" అన్నాడు మా ఆయన, పప్పులో నెయ్యి వేసుకుంటూ.

బడి ఎగ్గొట్టించొచ్చుగా అంటారు చాలామంది. ఎగ్గొట్టించే వాళ్లూ ఉన్నారు, తప్పని నేననను. టెక్సస్‌లో తొంభై శాతం రోజులు హాజరు లేకపోతే ఆ తరగతికి క్రెడిట్ రాదు. మతపరమైన పండగకి సెలవు అడిగితే చట్టప్రకారం ఇవ్వాల్సిందే గానీ, ప్రయాణానికి ఇచ్చేది పోను ఒక రోజు, రాను ఒక రోజు. ఆ చట్టం రాసినవాళ్లు పండక్కి ఊరెళ్లడమంటే హ్యూస్టన్‌కి కారేసుకుని వెళ్లడం అనుకుని ఉంటారు. పెద్దది ఆరో తరగతిలోకి వచ్చాక పది రోజుల హోంవర్క్ వెనకబడితే టెన్షన్ దానికే ఎక్కువ, నాకు కాదు. ఆ దారి ఒకసారి ప్రయత్నించి మానేశాం.

కాబట్టి డిసెంబరే. డిసెంబరులో హైదరాబాద్ రావడంలో ఉన్న తిరకాసు ఏమిటంటే, మన సెలవులు మనవే, ఊళ్లో ఎవరికీ సెలవులు ఉండవు. మా అన్నయ్య పిల్లలు పొద్దున ఎనిమిదింటికి వ్యాన్ ఎక్కితే సాయంత్రం అయిదుకి దిగుతారు, పాలు తాగి ట్యూషన్‌కి పోతారు. క్రిస్మస్‌కి ఒకటి రెండు రోజులు ఇస్తారు, అసలు సెలవులు సంక్రాంతికే. మా పిల్లలు తొమ్మిది వేల మైళ్లకు పైగా ఎగిరి వచ్చి, బావ ఎప్పుడొస్తాడా అని బాల్కనీలో కూర్చుంటారు. పెళ్లి చూపిద్దామన్నా ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు. మా చిన్నాడికి ఏడేళ్లు వచ్చాయి, తలంబ్రాలు ఫోన్‌లో తప్ప చూడలేదు. పైగా అదే సమయానికి టికెట్లు ఏడాదిలో అన్నిటికంటే ఖరీదు. ఇవన్నీ తెలిసీ ఏటా కాకపోయినా రెండేళ్లకోసారి వస్తాం.

వచ్చిన ప్రతిసారీ నేను చేసిన తప్పు ఒకటుంది. ఎక్సెల్ షీటు. పదమూడు రోజులు, రోజుకో గడి. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ (శుక్రవారం మూత), జూ (సోమవారం మూత), తిరుపతి, మా ఆయన వైపు చుట్టాలు, నా వైపు చుట్టాలు. ఆ షీటులో "నిద్ర" అనే గడి ఎప్పుడూ లేదు. డాలస్‌కి మనకి పదకొండున్నర గంటల తేడా, పగలు రాత్రి పూర్తిగా తలకిందులు. పిల్లలు సాయంత్రం ఆరింటికి అన్నం కంచం మీద వాలిపోతారు, తెల్లవారుజామున మూడింటికి టక్కున లేచి కూర్చుంటారు. ఎన్నోసార్లు ఆ మూడింటికి వాళ్లకి ఐప్యాడ్ ఇచ్చి, "తాతయ్య లేస్తారు, శబ్దం చేయకండి" అని దుప్పటి కప్పుకున్నదాన్ని నేనే.

పోయిన డిసెంబరులో ఆ పప్పులు ఉడకలేదు. 21న దిగాం. 22న తెల్లవారుజామున మూడున్నరకి హాల్లో లైటు వెలిగి ఉంది. పిల్లల గదిలో ఎవరూ లేరు. గుండె గుభేలుమంది. చూస్తే ఇద్దరూ వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నారు. అమ్మ తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, పెసరపప్పు వేయిస్తోంది. నల్లకుంట అపార్ట్‌మెంట్‌లో ఆ వేళకి లేచి ఉన్నది ముగ్గురే, ఒకరు అరవై ఎనిమిదేళ్ల ఆవిడ, ఇద్దరు అమెరికా పిల్లలు. వాళ్లకి అది మధ్యాహ్నం. ఆవిడకి ధనుర్మాసం.

నాకెందుకు ఇన్నేళ్లూ తట్టలేదో తెలియదు. డిసెంబరు 16న నెలగంట పెట్టాక, అంటే ధనుర్మాసం మొదలయ్యాక, సంక్రాంతి దాకా అమ్మ లేచేది మూడింటికే. సూర్యుడు రాకముందే నైవేద్యం అయిపోవాలి. ఆ నెలలో పిల్లల్ని ఆ వేళకి ఎవరు లేపగలరు? నా చిన్నప్పుడు అమ్మ నన్ను లేపడానికి చెయ్యని ప్రయత్నం లేదు, నేను ఒక్కసారీ లేవలేదు. మా పిల్లల్ని విమానమే లేపి కూర్చోబెట్టింది.

అమ్మ ఇంగ్లీషు అంతంతమాత్రం, మా పెద్దదాని తెలుగూ అంతే. ఇద్దరికీ పని దొరికేసరికి మాటల అవసరం తగ్గింది. బియ్యం కడుగు, మిరియాలు దంచు, అల్లం తరుగు. చిన్నాడికి జీడిపప్పు రెండుగా చీల్చే ఉద్యోగం, చీల్చినవి సగమే గిన్నెలోకి చేరేవి. అయిదింటికి కట్టెపొంగలి డబ్బాలో సర్దుకుని వీధి చివరి గుడికి. గుడిలో రోజుకొక తిరుప్పావై పాశురం చదువుతారు, మొత్తం ముప్పై. మొదటి రోజు మేం వెళ్లేసరికి ఏడోది. పెద్దది వెంటనే లెక్క కట్టింది, "అయితే మనం పంతొమ్మిది దాకా వింటాం. ఇంకా పదకొండు ఉంటాయి." ఆ పదకొండు మాట అది మళ్లీ మళ్లీ అంటుంటే విన్నాను. నాకు సంక్రాంతి పోయిందనే బాధ ఒక్కటే తెలుసు. దానికి పోయేది అంకెల్లో కనిపించింది.

గుడి నుంచి వచ్చేసరికి ఆరు. పొగమంచు. హైదరాబాద్‌లో చలి అని మా వాళ్లు మంకీ క్యాపులు పెట్టుకుంటే, డాలస్ పిల్లలు పొట్టి చేతుల చొక్కాల్లో తిరిగారు, వీధిలో వాళ్లందరూ నన్ను తిట్టారు. వాచ్‌మన్ భార్య గేటు ముందు నీళ్లు చల్లి ముగ్గు వేస్తూ ఉంటుంది. మా పెద్దది పక్కన గొంతుక్కూర్చుని చూసేది. నాలుగో రోజు ఆవిడే పిండి డబ్బా చేతికిచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు, నాకు ఇప్పటికీ రాదు. పెద్దది వేసిన చుక్కలు వరసగా వచ్చాయి గానీ గీతలు రైలు పట్టాలంత లావు. ఆవిడ నవ్వి, చీపురుతో తుడవకుండా పక్కనే తన ముగ్గు వేసుకుంది.

హరిదాసు ఒకరోజు వచ్చాడు, స్కూటర్ మీద, స్పీకర్ పెట్టుకుని. తల మీద అక్షయపాత్ర ఉంది గానీ స్కూటర్ ముందు క్యూఆర్ కోడ్ కూడా ఉంది. నా అమెరికా ఫోన్‌తో స్కాన్ చేస్తే పనిచెయ్యలేదు. చిన్నాడు లోపలికి పరిగెత్తి గుప్పెడు బియ్యం తెచ్చాడు. ఆయన వంగాడు, పిల్లాడు పోశాడు, లావాదేవీ పూర్తయింది.

క్రిస్మస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సెలవులు ఇచ్చింది ఆ పండగే. డాలస్‌లో చెట్టు పెడతాం, లైట్లు పెడతాం, కానుకలు ఇస్తాం. మానలేదు, మానాలని అనుకోలేదు. శాంటాకి నల్లకుంట అడ్రస్ తెలుసా అని చిన్నాడు దారి పొడుగునా అడిగాడు. ఎదురింటి వాళ్లు క్రైస్తవులు, 25 పొద్దున్నే ప్లం కేకు, రోజ్ కుకీలు పళ్లెంలో పెట్టి పంపారు. రోజ్ కుకీలు చూసి అమ్మ "గులాబీ పువ్వులు" అంది. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి అరిసెలు వెళ్లాయి. 27న మెదక్ తీసుకెళ్లారు నాన్న, వంద కిలోమీటర్లు. 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైన చర్చి అది, గోపురం 175 అడుగులు. కరువు కాలంలో చార్లెస్ పోస్నెట్ అనే మిషనరీ జనానికి పని కల్పించి, కూలీగా తిండి పెట్టి కట్టించాడని నాన్న చెప్పారు. చెట్ల కింద కుటుంబాలు చాపలు పరుచుకుని అన్నాలు తింటున్నాయి. క్రిస్మస్ అంటే మాల్‌లో శాంటాతో ఫొటో దిగడం అని తెలిసిన చిన్నాడు చాలాసేపు చూసి, "వీళ్లు కూడా క్రిస్మసేనా?" అన్నాడు. వీళ్లదీ క్రిస్మసే అన్నాను. ఇంకేం అడగలేదు, పక్కవాళ్లు ఇచ్చిన జామకాయ తిన్నాడు.

29 నుంచి కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీలో అత్తయ్యగారింట్లో. ఏడు రోజులు అటు, ఆరు రోజులు ఇటు, ఈ పంపకం మీద మాకు ఒక చరిత్ర ఉంది, అది వేరే కథ. 30న వైకుంఠ ఏకాదశి, ఉత్తర ద్వార దర్శనం కోసం క్యూలో రెండున్నర గంటలు నిలబడ్డాం. పిల్లలు అప్పటికి నిద్ర సర్దుకున్నారు, చిన్నాడు నా భుజం మీద గురక పెట్టాడు. పెద్దది మాత్రం అలారం పెట్టుకుని లేచింది.

మా అత్తయ్యగారిది రాజమండ్రి వైపు. ఆవిడకి సంక్రాంతి అంటే భోగిమంట, కోడిపందెం, కొత్తల్లుడు. జనవరి 2 సాయంత్రం ఇల్లంతా మామిడాకులు కనిపించాయి. చిన్నాణ్ణి పట్టుపంచె కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, బంతి రేకలు, రూపాయి బిళ్లలు, అన్నీ తట్టలో సిద్ధం. భోగికి ఇంకా పన్నెండు రోజులు ఉంది.

"అత్తయ్యా, ఇవాళ భోగి కాదు కదా" అన్నాను.

"పండగనాడు నా మనవడు ఉండడు. మనవడు లేనప్పుడు భోగిపళ్లు ఎవరికి పొయ్యనూ, టీవీకా?" అన్నారు.

నాకు నచ్చలేదు, ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. పిల్లలకి తేదీ తప్పు చెప్పినట్టు అనిపించింది. కానీ నోరెత్తే హక్కు నాకెక్కడిది? డాలస్‌లో మేం సంక్రాంతి చేసేదే జనవరి ఆఖరి శనివారం, స్కూలు ఆడిటోరియం అద్దెకు దొరికిన రోజున. ముగ్గుల పోటీ చార్టు పేపరు మీద, గంగిరెద్దు అట్టముక్కతో. ఆ పక్కన పెడితే అత్తయ్యగారి రేగుపళ్లు నిజమైన రేగుపళ్లు. చిన్నాడు నెత్తి మీద పడుతున్న రూపాయి బిళ్లల్ని పట్టుకునే పనిలో ఉన్నాడు. పెద్దది నా చెవిలో, "అమ్మా, ఇది లెక్కలోకి వస్తుందా?" అంది. వస్తుందిలే అన్నాను. నా గొంతులో నమ్మకం లేదని దానికి తెలిసిపోయింది, పదకొండేళ్ల పిల్లలకి అలాంటివి తెలుస్తాయి.

నుమాయిష్‌కి వెళ్దామని మా ఆయన సరదా. 1938 నుంచి ఉన్న ఎగ్జిబిషన్, చిన్నప్పుడు అక్కడ తప్పిపోయిన కథ ఆయన లక్షసార్లు చెప్పాడు. కానీ అది మొదలయ్యేదే జనవరి 1న, మొదటి రోజుల్లో సగం దుకాణాలు ఇంకా మేకులు కొట్టుకుంటూ ఉంటాయి. మిర్చి బజ్జీ తిన్నాం, రైలెక్కాం, ఇంటికొచ్చాం. చిన్నాడికి ఆ రాత్రి వాంతులు. టైఫాయిడ్ టీకా ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించాం గానీ, మిర్చి బజ్జీకి టీకా లేదు.

4వ తేదీ తెల్లవారుజామున విమానం. 3న పొద్దున కూకట్‌పల్లి గుడిలో పంతొమ్మిదో పాశురం. అక్కడి నుంచే పెద్దది అమ్మకి ఫోన్ చేసి, నాకు అర్థంకాని ఏదో ఒప్పందం చేసుకుంది.

ఆ ఒప్పందం ఏమిటో డాలస్ వచ్చాక తెలిసింది. ఈసారి నిద్ర అటు నుంచి ఇటు తిరగబడింది. పెద్దది అర్ధరాత్రి దాటాక రెండింటికి లేచింది. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, అమ్మ భోజనం చేసి కూర్చునే వేళ. పొద్దున గుడిలో విన్నది అమ్మ ఫోన్‌లో చెప్పడం, ఇది తన నోటు పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోవడం. ఇరవై రెండు దాకా ఇద్దరూ మాట తప్పలేదు. ఆ తర్వాత పెద్దది మామూలు వేళకి నిద్రపోవడం మొదలెట్టింది, బడి, బాస్కెట్‌బాల్. ఎనిమిది మిగిలిపోయాయి. నేను గుర్తు చెయ్యలేదు.

మొన్న మళ్లీ టికెట్లు చూశాం. ఈసారి ఎక్సెల్ తెరవలేదని చెప్పను, తెరిచాను. పదమూడు గడుల్లో ఎనిమిదింటిలో ఏమీ రాయలేదు. తిరుపతి తీసేశాం. మొదటి వారం మొత్తం నల్లకుంట, ఎక్కడికీ వెళ్లేది లేదు. అత్తయ్యగారికి ఆ సంగతి మా ఆయనే చెప్పాలి, ఇంకా చెప్పలేదు.

అమ్మకి ఫోన్ చేశాను.

"పండక్కి ఉంటారా?"

"ఉండం అమ్మా. నెలగంటకి వస్తాం. అంటే, పెట్టిన నాలుగైదు రోజులకి."

అవతల కాసేపు నిశ్శబ్దం. ఏమంటుందో అని చూస్తుంటే, "అయితే బియ్యప్పిండి ఎక్కువ పట్టించాలి. పిల్ల ముగ్గుకి శేరు పిండి పోస్తుంది" అంది.