చూడి పందికి కొసరి పెట్టకూడదట!

మా షెడ్డులో ఆడపందులు పన్నెండు. చూడి కట్టిందని తెలిస్తే చాలు, తొట్టి నింపేసేవాణ్ని. కడుపుతో ఉన్నవాళ్లకు కొసరి కొసరి వడ్డించే ఇంట్లో పెరిగాను మరి! తీరా ఈనాక అదే పంది మేత ముట్టదు, పాలు చాలవు, పిల్లలు బక్కచిక్కేవి.

పశువైద్యుడు నా లెక్కను తలకిందులు చేశారు. చూడి 114 రోజులు. అందులో ఎక్కువ కాలం రోజుకు రెండు, రెండున్నర కిలోల దాణా చాలు. పాలిచ్చేటప్పుడు మాత్రం తిన్నంత పెట్టాలి. చూడిలో కొవ్వు పడితే ఈనాక ఆకలి మందగిస్తుందని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. నాకు తెలియడానికి మూడు ఈతలు పట్టింది.

పెరిగే పిల్లలకు మొక్కజొన్న, తవుడు ఎంత పోసినా కొవ్వే తప్ప కండ పట్టలేదు. వాటిలో లైసిన్ (కండ కట్టడానికి కావలసిన, మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) తక్కువ. అది చాలకపోతే మిగతా మాంసకృత్తులూ వృథాయే. ఖరీదని గొణుగుతూనే సోయా చెక్క కలిపాను.

పుట్టిన మూడో రోజున ఐరన్ సూది వేయించమంటే నవ్వాను, బురదలో పొర్లే జాతికి ఇనుము కొరతా అని. పంది పాలలో ఇనుము బాగా తక్కువ. సిమెంటు గచ్చు మీద పుట్టిన పిల్లకు మట్టి ఎక్కడిది?