రాత్రంతా కుళాయిలో నిలిచిన నీళ్లు

"మరిగిస్తే సీసం పోదక్కా, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది." మా నీళ్ల పరీక్ష ఫలితాల కాగితం ఇస్తూ ల్యాబులోని తెలుగమ్మాయి మెల్లగా చెప్పింది.

బెంగళూరు మల్లేశ్వరంలో మా అద్దె ఇంటి వంటగదిలో పాత ఇత్తడి కుళాయి. తెల్లవారగానే పట్టిన మొదటి గ్లాసులో సీసం హద్దు దాటింది. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. అయిదు నిమిషాలు నీళ్లు పారనిచ్చాక పట్టిన సీసాలో మాత్రం దాటలేదు. కావేరి నీళ్ల తప్పు కాదు. రాత్రంతా ఆ ఇత్తడిలో నిలిచి, అందులోని సీసం నీళ్లలోకి దిగడమే.

రెండేళ్లుగా పాపకు పాలపొడి కలిపింది ఆ మొదటి నీళ్లతోనే. మరిగించి, చల్లార్చి, వడగట్టి మరీ.

పసిపిల్లల మెదడుకు సీసం ఎంత కొంచెమైనా చేటే. ఇది నాకెవరూ ఎందుకు చెప్పలేదు?

సాయంత్రమే కుళాయి మార్పించాను. రేపు పాపకు రక్తపరీక్ష. ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.