కలవావోలో ఫాదర్ డేమియన్ సమాధి దగ్గర

తమ్ముడి మందుల కోర్సు పూర్తయింది, ఇక భయం లేదని డాక్టరు చెప్పిన రోజే అమ్మ ఫోన్ చేసి, "మొక్కుకున్నది నువ్వే కదమ్మా, నువ్వే వెళ్ళి రా" అంది. అలా పోయిన వారం హవాయిలో మొలొకాయ్ ద్వీపం వెళ్ళాను. ఆ సంతోషం ఆరకముందే రాస్తున్నాను. స్తోత్రం ప్రభువా!

తమ్ముడికి వచ్చింది కుష్టు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మోచేతి దగ్గర స్పర్శ లేని మచ్చ కనపడితే, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే బిళ్ళలు పన్నెండు నెలలు వాడాడు. ఆ మందుకి ఒళ్ళు నల్లబడితే చుట్టాలకి ఎండ అని చెప్పాం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటదని డాక్టరు ఎంత చెప్పినా, వాడు కంచం, గ్లాసు విడిగా పెట్టుకునేవాడు. మేనకోడలు ఎత్తుకోమని చేతులు చాస్తే వెనక్కి జరిగేవాడు. అది చూసిన రాత్రే, మొలొకాయ్‌లో కుష్టు రోగుల మధ్యే బతికి వాళ్ళకి సేవ చేసిన బెల్జియం గురువు పునీత డేమియన్‌కి మొక్కుకున్నాను.

ఆ రోగుల్ని ఉంచిన చోటు, మొలొకాయ్‌లోని కలావుపాపా. ముందుగా అనుమతి ఉంటే తప్ప అక్కడ అడుగు పెట్టనివ్వరు. చిన్న విమానంలో వెళ్ళాం. గాలికి అది ఊగుతుంటే జపమాల గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండ. 1866 నుంచి ఎనిమిది వేల మంది దాకా రోగుల్ని అమ్మానాన్నల నుంచి, మొగుడూ పెళ్ళాల నుంచి విడదీసి ఇక్కడికే పంపారు. అలా విడదీసే చట్టం 1969 దాకా నడిచింది. పచ్చగడ్డిలో ఎన్ని సమాధులో, పేరు లేనివి ఇంకెన్నో.

సెయింట్ ఫిలోమినా చర్చి అవతలి ఒడ్డున, కలవావోలో ఉంది. 1872లో కట్టిన చిన్న చెక్క గుడిని, మరుసటి ఏడాది మేలో వచ్చిన ఫాదర్ డేమియన్ తన చేతులతోనే పెద్దది చేశారు. లోపల నన్ను కదలనివ్వనిది పీఠం కాదు, నేల. బల్లల పక్కన చెక్కలో చతురస్రంగా కోసిన కన్నాలున్నాయి. నోట్లో ఊరే ఉమ్మి ఆపుకోలేక, నలుగురిలో సిగ్గుపడి పూజకి రాకుండా బయటే నిలబడిపోయేవాళ్ళ కోసం ఫాదరు వాటిని కోయించారు. ఆకు చుట్టి అందులోంచి ఉమ్ముకోవచ్చు. లోపలికి రండి అని ఊరికే పిలిచి వదిలేయలేదు, వాళ్ళు రాగలిగేలా నేలనే కోశారు! ఒక కన్నం పక్కన మోకరించి పరలోక జపం చెప్పుకున్నాను. విడిగా పెట్టిన ఆ కంచం, గ్లాసే కళ్ళముందు మెదిలాయి.

అక్కడా ప్రశాంతంగా ఉండనివ్వలేదు. మాది చిన్న గుంపే, అయినా ఫోన్లు టకటకలాడుతూనే ఉన్నాయి. ఒకాయన కన్నంలోకి టార్చి వేసి వీడియో తీశాడు. గుణదల తిరునాళ్ళలో లక్షల మంది తోపులాటలో కూడా నాకు ఇంత చిరాకు రాలేదు. అక్కడ తోసేవాళ్ళూ మరియమ్మ తల్లిని చూడాలనే తోస్తారు.

సమాధి గుడి పక్కనే ఉంది. 1889లో, పవిత్ర వారంలో, అదే జబ్బుతో పోయిన ఫాదరుని ఇక్కడే పాతిపెట్టారు. 1936లో దేహాన్ని బెల్జియం తీసుకెళ్ళారు. 1995లో ధన్యులుగా ప్రకటించినప్పుడు కుడి చెయ్యి మాత్రం తిరిగొచ్చింది. ఎవరూ ముట్టని పుండ్లు కడిగి కట్లు కట్టిన చెయ్యి, దీవించిన చెయ్యి. సమాధి మీద నా అరచెయ్యి ఆనించాను, ఏడుపు ఆగలేదు. వెనకాల ఎవరో "త్వరగా" అంటున్నారు, ఫొటోకి నేను అడ్డమట.

మాకు దారి చూపిస్తున్న పెద్దావిడ వచ్చి, సముద్రం బాగా కనపడుతుందంటూ అందర్నీ ముందుకి పంపేసింది. తను మాత్రం నా పక్కనే కూర్చుంది. ఎవరికి అని అడిగింది. తమ్ముడికి అన్నాను. ఏం జబ్బో కూడా చెప్పాను, మొదటిసారి బయటి మనిషికి. ఆవిడ కంగారు పడలేదు, జాలీ పడలేదు. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, వాడి పేరు అడిగి, ఆ పేరుతో ప్రార్థించింది. బస్సు హారన్ కొట్టినా లేవలేదు.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను, ఆ కన్నాల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. వచ్చే ఫిబ్రవరి 11కి గుణదల వెళ్తాడట, తలనీలాలు ఇస్తాడట. మేనకోడల్ని కొండ మెట్లన్నీ తనే ఎత్తుకుని ఎక్కిస్తానన్నాడు.