క్వెజాన్ కాగితాలు: తేదీల వారీగా చదివే పని ఎక్కడిదాకా వచ్చిందంటే

ఫిలిప్పీన్స్ నాయకుడు మాన్యుయెల్ క్వెజాన్ రాసినవీ, ఆయనకు వచ్చినవీ, ఆయన గురించి ఇతరులు రాసుకున్నవీ ఎక్కడ దొరికితే అక్కడ చదివి, తేదీల వారీగా ఒక స్ప్రెడ్‌షీట్‌లో పేరుస్తున్నాను. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు చేసే పని ఇది. డిగ్రీ కోసం కాదు, పుస్తకం వేసే ఆలోచనా లేదు. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇప్పటిదాకా జరిగింది రాసి పెడుతున్నాను.

ఆయనెవరో తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. 1878లో లూజోన్ ద్వీపం తూర్పు తీరంలోని బలేర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ బడిపంతుళ్లే. అమెరికా సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు విప్లవ నాయకుడు అగినాల్డో పక్షాన పోరాడి మేజర్ అయ్యాడు, 1901లో లొంగిపోయాడు. తర్వాత లాయరు, ప్రాసిక్యూటరు, తయబాస్ గవర్నరు. 1909 నుంచి 1916 దాకా వాషింగ్టన్‌లో రెసిడెంట్ కమిషనర్. అంటే అమెరికా దిగువ సభలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. 1916 నుంచి 1935 దాకా ఫిలిప్పీన్స్ సెనేట్ అధ్యక్షుడు, 1935 నవంబర్ 15 నుంచి కామన్‌వెల్త్ (స్వాతంత్ర్యానికి ముందు అమెరికా కింద నడిచిన స్వపరిపాలన ప్రభుత్వం) అధ్యక్షుడు. 1944 ఆగస్టు 1న న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్‌లో క్షయతో చనిపోయాడు. దేశానికి స్వాతంత్ర్యం 1946 జూలై 4న వచ్చింది, ఆయన చూడలేదు.

జనవరి: కాగితాల ఆచూకీ

అసలు కాగితాలు మనీలాలోని నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. 2011లో యునెస్కో వాటిని ‘మెమరీ ఆఫ్ ద వరల్డ్’ జాబితాలో చేర్చింది. మైక్రోఫిల్మ్ (కాగితాలను చిన్నగా ఫోటో తీసిన ఫిల్ము రీళ్లు) ప్రతి అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెంట్లీ హిస్టారికల్ లైబ్రరీలో ఉంది. అన్నీ ఇంట్లో కూర్చుని చూడగలిగేవి కావు. కాబట్టి మొదట చేయాల్సింది చదవడం కాదు, ఫైండింగ్ ఎయిడ్ దింపుకోవడం. ఏ రీలులో, ఏ పెట్టెలో ఏ ఏళ్ల కాగితాలున్నాయో చెప్పే పట్టిక అది. దాన్ని ముందే నమిలేస్తే, తర్వాత కాపీలు అడిగేటప్పుడు ‘ఫలానా రీలు, ఫలానా నెలలు’ అని కచ్చితంగా అడగొచ్చు. ‘స్వాతంత్ర్యం గురించి ఏమైనా ఉంటే పంపండి’ అని ఈమెయిల్ పెడితే ఏ లైబ్రరీ అయినా చేతులెత్తేస్తుంది.

మిషిగన్ ఎందుకంటే, ఆ విశ్వవిద్యాలయానికి ఫిలిప్పీన్స్‌తో పాత బంధం. ఫిలిప్పినోలు స్వపరిపాలనకు పనికిరారని జీవితాంతం వాదించిన డీన్ వూస్టర్ అక్కడి జంతుశాస్త్ర ఆచార్యుడే. ఫిలిప్పీన్స్‌కు అమెరికా పంపిన ఆఖరి గవర్నర్ జనరల్ ఫ్రాంక్ మర్ఫీ కాగితాలు కూడా బెంట్లీలోనే ఉన్నాయి. బతికుండగా ఒకే గదిలో ఇమడలేని వూస్టర్, క్వెజాన్ కాగితాలు ఇప్పుడు ఒకే ఊళ్లో సర్దుకున్నాయి.

ఉచితంగా దొరికేవి కూడా తక్కువేం కాదు. అమెరికా చట్టసభల చర్చలను అచ్చువేసే కాంగ్రెషనల్ రికార్డు మొత్తం అక్కడి ప్రభుత్వపు గవ్‌ఇన్ఫో సైట్‌లో ఉంది. అందులో క్వెజాన్ తొలి ప్రసంగం 1910 మే 14 నాటిది. 1909లో ఓడ ఎక్కేనాటికి ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక చిన్న హెచ్చరిక: రికార్డుకు రోజువారీ ప్రతి ఒకటి, బైండు చేసిన ప్రతి ఒకటి ఉంటాయి. రెండింటి పేజీ నంబర్లు కలవవు. షీట్‌లో పేజీ రాసుకునేటప్పుడు ఏ ప్రతో కూడా రాయాలి.

క్వెజాన్ 1912 నుంచి 1916 దాకా వాషింగ్టన్‌లో నడిపిన ‘ద ఫిలిప్పినో పీపుల్’ పత్రిక నాకు బాగా ఉపయోగపడింది. అమెరికన్ ఓటర్లకు, కాంగ్రెస్ సభ్యులకు ఏం వినిపించాలనుకున్నాడో అందులో కనిపిస్తుంది.

ఫిబ్రవరి, మార్చి: షీట్ కట్టడం

ఎక్కువ సమయం ఇక్కడే పోయింది. ఇప్పుడున్న కాలమ్‌లు ఇవి: రాసిన తేదీ, చేరిన తేదీ, ఎవరు, ఎవరికి, భాష, బహిరంగమా ఆంతరంగికమా, ఒక వాక్యంలో సారం, ఎక్కడ దొరికింది. తేదీని ఎప్పుడూ ఏడాది-నెల-రోజు వరుసలోనే కొట్టాలి. అమెరికన్లు నెల ముందు రాస్తారు, స్పానిష్‌లో రోజు ముందు వస్తుంది. ఉన్నదున్నట్టు దింపితే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చుంటుంది.

చేరిన తేదీకి వేరే కాలమ్ ఎందుకంటారా? ఆ రోజుల్లో మనీలా నుంచి వాషింగ్టన్‌కు ఉత్తరం ఓడలోనూ తర్వాత రైల్లోనూ నెలకు అటూ ఇటూగా ప్రయాణం చేసేది. అంటే ఒక ప్రశ్నకు ఉత్తరంలో జవాబు రావాలంటే రెండు నెలలు. మధ్యలో కేబుల్ (టెలిగ్రామ్) వచ్చి సంగతంతా మారిపోయి ఉంటుంది. కేబుల్‌లో మాటకింత అని రుసుము కాబట్టి అవి పొడిపొడిగా ఉంటాయి, కారణాలు ఉండవు. కారణాలున్న ఉత్తరం వచ్చేసరికి నిర్ణయం పాతబడుతుంది. పైగా వాషింగ్టన్ శీతాకాలపు టైముకు మనీలా 13 గంటలు ముందు. వాషింగ్టన్‌లో సోమవారం సాయంత్రం జరిగింది మనీలాలో మంగళవారం ఉదయం లెక్క. నేను అన్నిటినీ స్థానిక తేదీతోనే ఉంచి, పక్కన ‘మ’, ‘వా’ అని గుర్తు పెడుతున్నాను.

స్కాన్ల సంగతి. మైక్రోఫిల్మ్ నెగటివ్‌గా వస్తే ముందు రంగులు తిరగేయాలి, తర్వాత గ్రేస్కేల్, తర్వాతే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టైపు పాఠంగా మార్చడం). అందుకు నేను వాడే సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్, స్పానిష్ భాషా ప్యాక్‌తో. ఇంగ్లీషు ప్యాక్‌తో స్పానిష్ పేజీని నడిపితే గందరగోళమే. అసలు టైపు ప్రతి అయితే బాగానే చదువుతుంది. క్వెజాన్ పంపిన ఉత్తరాలు ఆయన ఫైళ్లలో కార్బన్ కాపీలుగా మిగులుతాయి కదా, వాటిలో అక్షరాలు ఉబ్బి e, o, c ఒకేలా కనిపిస్తాయి. అలాంటి పేజీలకు ఓసీఆర్ వదిలేసి చేత్తో కొట్టుకోవడమే త్వరగా అవుతుంది. పాత స్పానిష్ ఉత్తరాల్లో 7bre అని ఉంటే సెప్టెంబర్, 8bre అని ఉంటే అక్టోబర్. అంకె చూసి జూలై, ఆగస్టు అనుకోకూడదు.

ఏప్రిల్, మే: 1913 నుంచి 1916

బహిరంగం, ఆంతరంగికం అన్న కాలమ్ ఎంత అవసరమో ఈ భాగంలో తెలిసింది. మనీలా సభల్లోనూ తన పత్రికలోనూ క్వెజాన్ పాట ఒకటే, స్వాతంత్ర్యం వెంటనే కావాలి. 1913 చివర్లో అమెరికా యుద్ధశాఖలో ఫిలిప్పీన్స్ వ్యవహారాలు చూసే బ్యూరో ఆఫ్ ఇన్సులర్ అఫైర్స్ అధిపతి ఫ్రాంక్ మెకింటైర్‌తో గదిలో కూర్చున్నప్పుడు మాత్రం పాతికేళ్ల గడువు లాంటి ఏర్పాటు గురించి మాట్లాడాడు. ఈ సంగతి ఆ బ్యూరో కాగితాల వల్ల బయటికొచ్చింది. అవి మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 350 కింద ఉన్నాయి. క్వెజాన్ కాగితాలు మాత్రమే చదివితే సగం కథే చేతికొస్తుంది.

ఈ రెండు నాలుకల తీరుకు పరీక్ష 1916లో వచ్చింది. ఫిలిప్పీన్స్ స్వపరిపాలన గురించిన జోన్స్ బిల్లుకు అమెరికా సెనేటర్ క్లార్క్ ఒక సవరణ తెచ్చాడు. రెండు నుంచి నాలుగేళ్లలో అమెరికా వెళ్లిపోవాలని దాని సారాంశం. సెనేట్‌లో ఓట్లు 41–41 సమానమైతే ఉపాధ్యక్షుడు మార్షల్ తన ఓటుతో గట్టెక్కించాడు. జీవితమంతా ‘వెంటనే’ అన్న మనిషి ముందుకు నిజంగానే ‘వెంటనే’ వచ్చి నిలబడింది. కాదనలేడు. ప్రతినిధుల సభలో అధికార పక్షమైన డెమోక్రాట్లే కొందరు రిపబ్లికన్లతో కలిసి మే 1న దాన్ని ఓడించారు. వాళ్లలో ఎక్కువమంది క్యాథలిక్కులు. చివరికి ఆగస్టు 29న జోన్స్ చట్టంగా మారిన ప్రతిలో, సుస్థిర ప్రభుత్వం ఏర్పడగానే స్వాతంత్ర్యం అని పీఠికలో ఒక హామీ, ఎన్నికైన సెనేట్ ఒకటి మిగిలాయి. ఆ సెనేట్‌కు అధ్యక్షుడైంది క్వెజానే.

ఇదంతా చదివి ఆయన్ని వంచకుడని తేల్చేయడం తేలిక. నాకు అలా అనిపించట్లేదు. ఓటు లేని ప్రతినిధి ఆయన. వాషింగ్టన్‌లో ఓపికస్తుడిగా కనిపించకపోతే తలుపు తెరుచుకోదు, మనీలాలో తొందరపడేవాడిగా కనిపించకపోతే సీటు దక్కదు. అయితే ఈ ఆటలో ఆయన సొంత పదవి ఎప్పుడూ పైకే వెళ్లిందన్నది కూడా షీట్ చూస్తే దాగదు.

1923 గొడవను రెండు వరుసల్లో దాటేశాను. గవర్నర్ జనరల్ వుడ్‌తో తగాదాపడి జూలై 17న క్వెజాన్, ఆయనకు పోటీగా ఉన్న నాయకుడు ఒస్మేనా, మంత్రులు కలిసి రాజీనామా చేశారు. మొదలైంది మనీలా పోలీసు డిటెక్టివ్ ఒకడి కేసు దగ్గర. నాటకీయంగా ఉంటుంది, దానివల్ల చట్టంలో మారిందేమీ లేదు.

జూన్ నుంచి ఆగస్టు: 1933, అసలు ముడి

క్వెజాన్ జీవితంలో ఒక్క ఏడాదే చదవాలంటే ఇది చదవండి. ఒస్మేనా, మరో ఫిలిప్పీన్స్ నాయకుడు రోహాస్ ఇద్దరూ వాషింగ్టన్‌లో మకాం వేసి హేర్–హాస్–కటింగ్ చట్టం సాధించారు. అమెరికా అధ్యక్షుడు హూవర్ వీటో చేసినా 1933 జనవరి 17న కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చి చట్టం చేసింది. ఇందులో అమెరికన్ల దయ కన్నా ఆర్థిక మాంద్యం పాత్ర ఎక్కువ. పన్ను లేకుండా వచ్చే ఫిలిప్పీన్స్ చక్కెర, కొబ్బరినూనె తమకు పోటీ అని అక్కడి రైతు సంఘాల బాధ, ఫిలిప్పినో కూలీలు రాకూడదని కార్మిక సంఘాల పట్టు.

పదేళ్ల గడువు తర్వాత స్వాతంత్ర్యం ఇస్తామనే చట్టం అలా చేతికొచ్చింది. అక్టోబర్ 17న ఫిలిప్పీన్స్ శాసనసభ దాన్ని తిరస్కరించింది, ముందుండి నడిపించింది క్వెజాన్. తర్వాత తానే వాషింగ్టన్ వెళ్లి 1934 మార్చి 24న సంతకమైన టైడింగ్స్–మెక్‌డఫీ చట్టంతో తిరిగొచ్చాడు.

రెండు చట్టాల పాఠాలనూ పక్కపక్కన రెండు కాలమ్‌లలో పెట్టి సెక్షన్ వారీగా పోల్చాను. ఎవరైనా చేయొచ్చు, రెండూ ఉచితంగా దొరుకుతాయి. పదేళ్ల గడువు రెండింటిలోనూ అదే. పన్ను లేని చక్కెర 8,50,000 లాంగ్ టన్నులు, కొబ్బరినూనె 2,00,000 లాంగ్ టన్నులు, తాడు 30 లక్షల పౌండ్లు, ఇవీ అవే. ఆరో ఏడాది నుంచి 5 శాతంతో మొదలై పెరిగే ఎగుమతి పన్ను అదే. వలసకు ఏడాదికి 50 మంది అన్న అవమానకరమైన కోటా కూడా అదే. మారింది ప్రధానంగా స్థావరాల సంగతి. పాత చట్టం అమెరికాకు ఉంచిన సైనిక స్థావరాలు కొత్త చట్టంలో పోయాయి, నౌకా స్థావరాలు తర్వాతి చర్చలకు వదిలారు.

అప్పట్లో ప్రత్యర్థులు అన్నదీ ఇదే, పేరు తనకు రావాలని పాత చట్టాన్నే కొత్త అట్టతో తెచ్చాడని. సగం నిజం. తేదీల వారీగా చూస్తే ఆయన అభ్యంతరాలు నెలనెలకూ జారుతుంటాయి, ఒస్మేనా మీద పైచేయి అన్న లక్ష్యం మాత్రం కదలదు. మిగతా సగాన్ని కొట్టిపారేయలేం. 1947 ఒప్పందంతో వచ్చిన అమెరికా స్థావరాలను వదిలించుకోవడానికి ఫిలిప్పీన్స్ సెనేట్ 1991 సెప్టెంబర్‌లో 12–11 ఓట్లతో తేల్చుకోవాల్సి వచ్చింది. అంటే 1933లో ఆయన వేలు పెట్టిన చోటు సరైనదే.

ఫిలిప్పీన్స్‌లో కామన్‌వెల్త్ మొదలైన 1935లోనే మన దగ్గర భారత ప్రభుత్వ చట్టం వచ్చింది. దానిలో స్వాతంత్ర్యానికి గడువు తేదీ లేదు, వీళ్లదాంట్లో ఉంది. ఎన్ని లోపాలున్నా ఆ తేడా చిన్నది కాదు.

సెప్టెంబర్: 1942, ఇంకొకరి పెట్టెలో దొరికిన ఉత్తర్వు

జపాన్ దాడి తర్వాత క్వెజాన్ కొరెగిడార్ ద్వీపంలో సొరంగంలో తలదాచుకున్నాడు. క్షయ రోగి, చుట్టూ దుమ్ము. ఫిబ్రవరి 8న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు పంపిన సందేశంలో దేశానికి వెంటనే స్వాతంత్ర్యమిచ్చి తటస్థంగా ప్రకటించమన్నాడు. రూజ్‌వెల్ట్ మర్నాడే కాదన్నాడు. ఫిబ్రవరి 20న క్వెజాన్ జలాంతర్గామి ఎక్కి బయటపడ్డాడు. ముప్పై ఏళ్లు సభల్లో అన్న ‘వెంటనే’కి, ఈ ‘వెంటనే’కి పోలిక లేదు. ఆయన పెట్టిన డిమాండ్లలో నేను పూర్తిగా నమ్మేది ఇదొక్కటే.

అంతకుముందు, అదే ఏడాది జనవరి 3న ఆయన కొందరు అమెరికా సైన్యాధికారులకు డబ్బు ఇవ్వాలన్న ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. అక్కడి సైన్యాధిపతి జనరల్ మెకార్థర్‌కు 5 లక్షల డాలర్లు, చీఫ్ ఆఫ్ స్టాఫ్ సదర్లాండ్‌కు 75,000, మరో ఇద్దరు అధికారులకు 45,000, 20,000. ఈ సంగతి లోకానికి తెలిసింది 1979లో. ఒక చరిత్ర పరిశోధకురాలికి ఆ కాగితం సదర్లాండ్ దాచుకున్న ఫైళ్లలో దొరికింది. క్వెజాన్ పేరు మీదున్న పెట్టెలనే పట్టుకుని కూర్చుంటే ఇది ఎప్పటికీ తగలదు. అందుకే షీట్‌లో ‘ఎక్కడ దొరికింది’ అన్న కాలమ్‌ను చివరి నుంచి ముందుకు జరిపాను.

తర్వాత

ముందు 1937–38 తీసుకుంటున్నాను. 1946 దాకా ఆగకుండా 1938లోనో 1939లోనో స్వాతంత్ర్యం ఇచ్చేయమని క్వెజాన్ అమెరికా వెళ్లి అడిగిన కాలం అది. రెండు ప్రభుత్వాల సంయుక్త కమిటీ వాణిజ్య రాయితీల గురించి నివేదిక తయారుచేసిందీ అప్పుడే. నివేదిక, విచారణల వాంగ్మూలాలు ఇంటి నుంచే చదవొచ్చు. వాటికి జోడీగా ఆ రెండేళ్ల మర్ఫీ ఉత్తరాలు కావాలి. ఫైండింగ్ ఎయిడ్‌లో పెట్టెలు గుర్తించాను, కాపీల కోసం అడగాల్సిన నెలల జాబితా తయారవుతోంది. ఆ తర్వాత 1943. అప్పటికి ప్రవాసంలో ఉన్న క్వెజాన్ పదవీకాలం నవంబర్ 15తో ముగియాలి. ఉపాధ్యక్షుడు ఒస్మేనా తనకు రావాల్సిన కుర్చీని తానే వదులుకుంటే, అమెరికా కాంగ్రెస్ తీర్మానంతో క్వెజాన్ కొనసాగాడు. ఒస్మేనా వైపు కాగితాలు లేకుండా ఆ అధ్యాయం ముట్టుకోను.