చలి మీద కవిత రాయమంటే పిల్లలు మంచు గురించే ఎందుకు రాస్తారు

చలికాలం మీద ఒక చిన్న కవిత రాయండర్రా అని పిల్లలకి చెప్పి చూడండి, సగం మందికి పైగా "తెల్లతెల్లని మంచు" అనే మొదలుపెడతారు, ఇంకొంతమంది క్యారెట్ ముక్కుతో స్నోమ్యాన్ బొమ్మ కూడా వేసేస్తారు, వాళ్ళలో మంచు కురవడం కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. ఇందులో పిల్లల్ని అనాల్సిందేం లేదు. వాళ్ళు చూసే బొమ్మల పుస్తకాల్లో, కార్టూన్లలో చలికాలం అంటే మంచు కురవడమే. నిజానికి చాలా చోట్ల చలికాలంలో ఆకాశం నుంచి ఏమీ రాలదు. భూమధ్యరేఖకి దక్షిణం వైపు ఉన్న దేశాల్లో అయితే చలికాలం జూన్, జులై, ఆగస్టుల్లో వస్తుంది, అక్కడి పిల్లలు డిసెంబర్లో చెమటలు కక్కుతూ అవే మంచు బొమ్మలకి రంగులు వేస్తుంటారు.

మంచు పడే ఊళ్ళో ఉంటే మంచు గురించి హాయిగా రాయొచ్చు, రాయాలి కూడా. నేను గట్టిగా నమ్మేది ఏంటంటే పిల్లల చలి కవిత వాళ్ళ ఒంటి మీద మొదలవ్వాలి, బొమ్మల పుస్తకంలో కాదు. ప్రతి చలికాలం మా ఇంట్లో మా పిల్లలు, మా తమ్ముడి పిల్లలు, వాళ్ళ ఫ్రెండ్స్ అందరం కలిసి కూర్చుని చదువుకుంటాం, రాసుకుంటాం, అలా చేస్తూ చేస్తూ నాకు అర్థమైన విషయాలే ఇక్కడ రాస్తున్నా.

ముందు బయటికి తీసుకెళ్తా. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. పుస్తకం, పెన్సిల్ ఇవ్వను, చేతులు ఖాళీగా ఉండాలి. పోయినసారి ఏం చేశామంటే, గేటు మీద ఒక చెయ్యి, పక్కనే ఉన్న చెక్క బెంచీ మీద ఇంకో చెయ్యి పెట్టమన్నా. ఏది ఎక్కువ చల్లగా ఉందర్రా అంటే అందరూ గేటే అన్నారు. కానీ రెండూ రాత్రంతా అదే గాలిలో ఉన్నాయి, థర్మామీటర్ పెడితే రెండూ దాదాపు ఒకే అంకె చూపిస్తాయి. తేడా ఎక్కడంటే ఇనుము మన చేతిలో వేడిని చెక్క కన్నా చాలా వేగంగా లాగేస్తుంది, మనకి తెలిసే చల్లదనం అంటే మన వేడి మన నుంచి పోవడమే. ఇది చెప్పగానే పిల్లల మొహాలు చూడాలి, అప్పటిదాకా గేటు చల్లగా ఉంది అంతే, ఇప్పుడు గేటు ఏదో చేస్తోంది! మళ్ళీ వెళ్ళి పట్టుకున్నారు, ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటారో అని పందెం కూడా వేసుకున్నారు. లోపలికొచ్చాక మా తమ్ముడి కొడుకు, రెండో క్లాసు వాడు, ఇది రాశాడు.

గేటు నా చెయ్యి పట్టుకుంది
నా వేడంతా లాగేసుకుంది
వదులు అంటే వదల్లేదు
నేనే వదిలేశా

ఈ నాలుగో లైను చూశారా, పెద్దవాళ్ళం అయితే ఇలా రాయం. గేటు మీద జాలి పడతామో, సూర్యుణ్ణి తీసుకొస్తామో, ఏదో ఒకటి చేసి కవితని ముగిస్తాం. వాడికి ఆ గొడవే లేదు. పట్టుకున్నాడు, చల్లగా ఉంది, వదిలేశాడు. పక్కనే ఉన్న వాళ్ళ నాన్న "లాస్ట్ లైన్లో ఏదైనా మంచి మాట పెట్టరా" అనబోతే నేను ఆపేశా. ఆ కవితలో మంచి మాట అదే కదా మరి.

ఇక చదవడం. రాసే ముందు చదవాలి, అదీ బయటికి, గట్టిగా, కావాలంటే రెండుసార్లు. చిన్నవి చదివితే మేలు, జపాన్ వాళ్ళ హైకూలు ఈ పనికి భలే సరిపోతాయి. మూడు లైన్లు, జపనీస్‌లో లెక్క ప్రకారం 5, 7, 5 ధ్వనులు, మొత్తం 17. తెలుగులో రాసేటప్పుడు ఆ లెక్క పిల్లల నెత్తిన పెట్టక్కర్లేదు, వేళ్ళు ముడుచుకుని అక్షరాలు లెక్కపెట్టడంలోనే వాళ్ళ ఓపికంతా అయిపోతుంది. నేను పిల్లలకి చెప్పేది ఇంకోటి. సంప్రదాయ హైకూలో ఋతువుని చెప్పే మాట ఒకటి ఉండాలి, దాన్ని కిగో అంటారు, ఏ ఋతువుకి ఏ మాటలో చెప్పే పెద్ద పెద్ద నిఘంటువులే ఉన్నాయి వాళ్ళకి. చలికాలం మాటల్లో ఏమేం ఉంటాయో తెలుసా అని అడుగుతా. మంచు, రాలిన ఆకులు, మోడు చెట్లు, ఇవి ఎవరైనా చెప్పేస్తారు. కానీ దగ్గు కూడా ఉంది! జలుబు ఉంది, మొహానికి పెట్టుకునే మాస్క్ ఉంది, పరుపు ఉంది, నోట్లోంచి వచ్చే తెల్లటి ఊపిరి ఉంది. దగ్గు కూడా కవితలో పెట్టొచ్చా అత్తా అని ఒకటే అరుపులు. పెట్టొచ్చమ్మా, వాళ్ళు ఎప్పటి నుంచో పెడుతున్నారు. అంతే, అక్కడి నుంచి మన చలికాలం మాటలు మనమే పోగేద్దాం అని ఒక పెద్ద చార్ట్ గోడకి అంటించాం, వచ్చినవాళ్ళు వచ్చినట్టు రాసేస్తున్నారు. పగిలిన పెదవి. స్వెట్టర్లో ఇరుక్కున్న తల. గీజర్ లైటు. కాళ్ళకి వేసుకున్న రెండు రకాల సాక్సులు. లేవనని దుప్పటి లోపలి నుంచి చెప్పే అబద్ధం. ఇంత సరుకు చేతిలో ఉంటే ఇంక స్నోమ్యాన్‌తో పనేముంది?

ఆ చార్ట్ లోంచి దగ్గు అనే మాట తీసుకుని మా పెద్దది రాసింది ఇది.

రాత్రంతా తాతయ్య దగ్గు
పక్క గదిలో నేను
లెక్కపెడుతూ

నాకు ఇది చదివినప్పుడల్లా గుండె పట్టేసినట్టు ఉంటుంది. తాతయ్యంటే ఇష్టం అని ఎక్కడా రాయలేదు, భయమేసింది అనీ రాయలేదు, లెక్కపెడుతూ అని వదిలేసింది. దానికి ఇది ఎవరూ నేర్పలేదు. మూడే లైన్లు కాబట్టి చోటు లేక ఆగిపోయింది, ఆగిపోవడమే మంచిదైంది. పొడుగ్గా రాయమని పిల్లల వెంట పడేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

మన భాషలో చలికి రెడీమేడ్ మాటలు బోలెడు. ఎముకలు కొరికే చలి, గజగజ వణికించే చలి, చలిపులి. పేపర్ తెరిస్తే చలిపులి పంజా విసురుతూనే ఉంటుంది. పిల్లలు కూడా అదే దించేస్తారు. నేను వద్దనను, ఎందుకంటే మొదట ఎవరో ఒకరికి చలి నిజంగానే పులిలా కనిపించి ఉంటుంది, అది మంచి ఊహే. కాకపోతే అది వాళ్ళ పులి. మీ చలి ఏ జంతువు అని అడుగుతా. ఒకళ్ళు చీమ అన్నారు, ఎందుకంటే కాలి వేళ్ళ నుంచి మెల్లగా పైకి పాకుతుందట. ఒకడు చేప అన్నాడు, చొక్కా కాలర్ లోంచి జారి వీపు మీదుగా పోతుందట. మా చిన్నది చాలాసేపు ఆలోచించి పిల్లి అంది. ఎందుకే అంటే "పిలవకపోయినా దుప్పట్లోకి వస్తుంది కదా". అదే రాసుకోమన్నా, ఒక్క అక్షరం మార్చలేదు. పులికీ పిల్లికీ ఎంత తేడా ఉందో చూడండి, పులి అందరి చలి, పిల్లి దాని ఒక్కదాని చలి.

పొడుపు కథలు కూడా ఈ పనికి బాగా వస్తాయి, కవిత అంటే బెదిరిపోయే పిల్లలు పొడుపు కథ అంటే మాత్రం ఎగిరి గంతేస్తారు. విషయం పేరు చెప్పకుండా విషయం చెప్పడమే కదా రెండూ. నోట్లోంచి ఆవిరి ఎందుకొస్తుందో ముందు మాట్లాడుకున్నాం. మన ఊపిరిలో ఎప్పుడూ నీటి ఆవిరి ఉంటుంది, బయట చల్లగాలి తగలగానే అది సన్నటి నీటి చుక్కలుగా మారుతుంది, ఆ చుక్కలే మనకి తెల్లగా కనిపిస్తాయి, ఆకాశంలో మబ్బు కట్టేదీ ఇలాగే. అయితే నేను మబ్బుని ఊదానా అన్నాడొకడు. ఊదావు నాన్నా. ఆ పక్క నిమిషంలో వాడి పొడుపు కథ తయారు, "నా నోట్లో పుట్టే మబ్బు, వాన కురవదు, ఎండాకాలం కనపడదు, ఏంటది?"

ప్రాస గురించి ఒక మాట చెప్పాలి. తెలుగులో ప్రాస అతి సులువుగా దొరుకుతుంది, అదే ఇబ్బంది. వచ్చింది, తెచ్చింది, ఇచ్చింది అని క్రియలు వరసగా పేర్చేస్తే చాలు పాటలా వినిపిస్తుంది, పిల్లలు ఆ లయలో పడి "చలి వచ్చింది, దుప్పటి తెచ్చింది, అమ్మ టీ ఇచ్చింది" అని అలా పోతూనే ఉంటారు, అమ్మ ఆ రోజు టీ ఇచ్చిందో లేదో కూడా వాళ్ళకి పట్టదు. నిజం చెప్పు, ఇచ్చిందా? లేదు పిన్నీ. అయితే ఏం జరిగిందో అది రాయి. ప్రాస దానంతటది వస్తే రానివ్వండి, దాని కోసం లేనిది ఉన్నట్టు రాయడం మాత్రం వద్దు. దాని బదులు చప్పుళ్ళతో ఆడుకోనివ్వండి, మన భాష చప్పుళ్ళ గని కదా. గజగజ, గడగడ, జివ్వు, కటకట. చన్నీళ్ళు నెత్తి మీద పడ్డప్పుడు మీ నోట్లోంచి వచ్చే చప్పుడు ఏంటో రాయండి అంటే ఎవరికి వాళ్ళు ఒక కొత్త చప్పుడు కనిపెట్టారు, అవి అన్నీ వరసగా గట్టిగా చదివితే అదే ఒక కవిత అయిపోయింది, ఇల్లంతా దద్దరిల్లింది.

చప్పుళ్ళంటే గుర్తొచ్చింది, చలికాలం తెల్లవారుజామున దూరంగా పోయే రైలు కూత దగ్గర్లో ఉన్నట్టు వినిపిస్తుంది గమనించారా. ఆ టైంలో నేలకి దగ్గరున్న గాలి బాగా చల్లగా ఉండి పైన గాలి కాస్త వెచ్చగా ఉంటే, పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి మన దాకా వస్తుంది. ఇది చెప్పి కళ్ళు మూసుకుని కాసేపు వినమంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

మంచు కురిసే చోట ఉన్న పిల్లలతో కూర్చునేవాళ్ళు ఉంటే వాళ్ళకి విల్సన్ బెంట్లీ కథ చెప్పండి. అమెరికాలో వెర్మాంట్ అనే రాష్ట్రంలో రైతుల కుటుంబంలో పుట్టాడు, మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి 1885లో మొదటిసారి ఒక మంచు పలుకుని ఫోటో తీశాడు, అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. తర్వాత జీవితాంతం అదే పని, 5000కి పైగా ఫోటోలు. అంతకు చాలా ముందే, 1611లో, కెప్లర్ ఒక చిన్న పుస్తకమే రాశాడు, గ్రహాల లెక్కలు తేల్చిన ఆ కెప్లరే, మంచు పలుకుకి ఎప్పుడూ ఆరు కోణాలే ఎందుకుంటాయి అని. సరైన జవాబు ఆయనకి దొరకలేదు, నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల అమరికలో కుదురుకుంటాయని చాలా కాలం తర్వాతే తేలింది. అంత పెద్ద శాస్త్రవేత్త కోటు మీద పడ్డ మంచు తునక దగ్గర ఆగిపోయాడంటే పిల్లలకి అదో ధైర్యం, చిన్నదాని దగ్గర ఆగడం పెద్దవాళ్ళు కూడా చేసే పనే అని. మంచు ఉన్నా సరే "తెల్లని మంచు" దగ్గరే ఆగిపోకుండా నల్ల గుడ్డ మీద ఒక్క పలుకు పట్టుకుని కరిగేలోపు ఏం కనిపించిందో రాయమనండి.

ఇంకా రాయడం రాని చిన్నపిల్లలు చెప్తుంటే మనం రాయాలి, వాళ్ళు అన్నది అన్నట్టే. ఇది చాలా ముఖ్యం. "కుక్కకి చలేస్తే తోకని దుప్పటి కప్పుకుంటది" అంటే "తోకను దుప్పటిలా కప్పుకుంటుంది" అని దిద్దకూడదు. పాప తోకని దుప్పటే అంది, "లా" పెట్టలేదు, ఆ "లా" మనం పెట్టామంటే కుక్క తోక మళ్ళీ తోకైపోతుంది. స్పెల్లింగులు తర్వాత ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, అదీ ఇంకో కాగితం మీద.

చలి కవితల్లో బాధ కూడా వస్తుంది, రానివ్వాలి. రోడ్డు పక్కన పడుకున్నవాళ్ళని చూసిన పిల్ల దాని గురించే రాస్తుంది. వెంటనే మనం చూశావా మనకి దుప్పటి ఉంది ఎంత అదృష్టమో అని క్లాసు పీకామంటే ఆ పిల్ల మళ్ళీ అలాంటిది మన ముందుకి తీసుకురాదు. విని, మళ్ళీ చదవమని అడిగితే చాలు. ఆ తర్వాత ఆ పిల్ల దుప్పటి ఎవరికైనా ఇద్దామా అని అడిగితే ఇవ్వండి, అడిగేదాకా ఆగండి.

ఈసారి చలికి మేం వాసనల మీద రాద్దాం అనుకుంటున్నాం, ఎందుకంటే గోడ మీది చార్ట్‌లో అన్నీ ఉన్నాయి గానీ వాసన ఒక్కటీ లేదు. బీరువాలోంచి తీసిన రగ్గు వాసన, తడి ఆరని స్వెట్టర్ వాసన, జలుబు చేస్తే ఏ వాసనా తెలియకపోవడం. ఆ చివరిది మా చిన్నది అప్పుడే తన పేరు మీద రాసిపెట్టేసుకుంది, ఇంకెవరూ తీసుకోకూడదట.