పోటు వచ్చేదాకా గట్టు మీదే కూర్చున్నాం

మొన్న ఆదివారం గైడ్‌తో కలిసి ఆరుగురం సముద్రం పక్క చిత్తడి నేలల గట్ల మీద సైకిళ్ళేసుకుని వలస పక్షుల్ని చూడ్డానికి వెళ్ళాం, వచ్చి మూడ్రోజులైనా ఇంకా కళ్ళ ముందే ఉంది అందుకే రాసేస్తున్నా.

పక్షులంటే తెల్లారకముందే లేవాలి అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. కానీ బురదలో మేసే పిట్టల రోజంతా ఆటుపోట్లని బట్టే నడుస్తుందట. ఆటు టైమ్‌లో, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, అవి ఎక్కడో దూరంగా బురదంతా చెల్లాచెదురుగా ఉంటాయి, టెలిస్కోప్ లాంటి స్కోప్‌లో చూసినా చుక్కలే. పోటు ఎక్కేకొద్దీ మేత నేల మునిగిపోయి అవే ఒడ్డు వైపు జరుగుతూ వస్తాయి. అందుకని పూర్తి పోటుకి రెండు గంటల ముందు అక్కడ ఉండేలా ప్లాన్ చేశారు మా గైడ్, ఎండ మా వీపు వైపు పడే గట్టు చూసుకుని మరీ. బైనాక్యులర్స్ కూడా 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి) చాలన్నారు, సైకిల్ తొక్కి ఆయాసంతో ఉన్నప్పుడు పది రెట్లు చూపించే 10x పట్టుకుంటే బొమ్మ మరీ ఊగిపోతుంది, అది నిజమే.

దారిలో నేనొక తప్పు చేశా. గట్టు పక్కనే చిన్న గుంపు కనపడగానే ఫొటో కోసం సడన్ బ్రేక్ వేసి దిగిపోయా, అంతే, మొత్తం లేచిపోయాయి. సాగిపోతున్న సైకిల్‌ని చాలాసార్లు పట్టించుకోవు గానీ అది ఆగి అందులోంచి మనిషి దిగితే బెదిరిపోతాయి, ఆగాలంటే ముందే దూరంగా ఆగాలి అని మెల్లగా చెప్పారు. తిట్టలేదు. కానీ తర్వాత ఆయన చెప్పినవి విన్నాక నాకే బాధేసింది.

ఈ7 అనే ట్యాగ్ పెట్టిన గాడ్విట్ అనే వలస పిట్ట ఒకటి 2007 మార్చిలో న్యూజిలాండ్ నుంచి చైనాలోని యాలూ జియాంగ్ తీరానికి దాదాపు 10,300 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరిందట, దాదాపు వారం రోజులు, తిండీ నీళ్ళూ లేకుండా! బరువు తగ్గించుకోవడానికి బయల్దేరే ముందు వాటి పొట్టలో జీర్ణం చేసే భాగాలు కూడా చిన్నవైపోతాయి. దిగాక మళ్ళీ అవి పెరగాలి, మళ్ళీ కొవ్వు పట్టాలి, ఆ తర్వాత ఇంకా అలాస్కాకి పోయి గుడ్లు పెట్టాలి. అమెరికాలో డెలావేర్ బే దగ్గర మే నెలలో ఆగే రెడ్ నాట్ అనే వలస పిట్టలైతే హార్స్‌షూ క్రాబ్ అనే సముద్ర జీవి గుడ్లు తిని రెండు వారాల్లోనే దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. మనం ఒక్కసారి లేపితే ఆ మేత టైమూ పోతుంది, దాచుకున్న కొవ్వూ కాస్త కరుగుతుంది.

ఇక గట్టు దగ్గర సైకిళ్ళు పడుకోబెట్టి కూర్చున్నాం, ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళు కాస్త కాస్తగా పాకుతూ వచ్చాయి, వాటి ముందు పిట్టలు. కర్ల్యూ శాండ్‌పైపర్లనే బురద పిట్టలు కొన్ని ఇంకా చలికాలపు బూడిద రంగులోనే ఉన్నాయి, కొన్నిటికి పొట్ట మీద గుడ్లు పెట్టే కాలపు ఇటుక ఎరుపు అతుకులు అతుకులుగా వస్తోంది, ఒకటి మాత్రం పూర్తిగా ఎర్రబడిపోయింది. పుస్తకంలో రెండు రంగులూ వేరువేరు బొమ్మలుగా చూశాను గానీ ఇలా మధ్యలో పట్టుకోవడం ఈ కొద్ది వారాల్లోనే కుదురుతుంది. ఒంటి కాలి మీద నిలబడి, ముక్కు రెక్కల్లో దూర్చి, మాకు ఇరవై ముప్ఫై అడుగుల దూరంలో నిద్రపోయాయి.

ఫొటోలు నాలుగే తీశా. పోటు తిరిగి నీళ్ళు వెనక్కి పోతుంటే వాటి వెనకాలే అవీ మేసుకుంటూ నడిచిపోయాయి, చివరి గుంపు దూరమయ్యేదాకా ఆగి, అప్పుడు లేచి సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చేశాం.