వీధికీ గోడకీ మధ్యనున్న జాగా

వాషింగ్టన్‌లో న్యూయార్క్ అవెన్యూ, ఫ్లోరిడా అవెన్యూ దగ్గరపడే మూలన, నోమా మెట్రో స్టేషన్ పక్కనే, మారణాయుధాలు, పేలుడు పదార్థాల కేసులు చూసే ఏటీఎఫ్ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. రెండో వీధి వైపు నుంచి వెళ్తే మొదట కనిపించేవి ఒకే అంతస్తు దుకాణాల వరుస, వాటి వెనక కాస్త వెనక్కి జరిగి నిలబడ్డ అసలు కార్యాలయం. ప్రభుత్వ భవనమంటే ప్రహరీ, గేటు, గేటు దగ్గర రిజిస్టరు పట్టుకున్న జవాను అనుకునే నాకు, ఆ వరుస వెనక ఎంత లెక్క ఉందో చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ లెక్క 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో మొదలైంది. ఆ ఉదయం 9 గంటల 2 నిమిషాలకు ముర్రా ఫెడరల్ భవనం ముందు, వీధి అంచునే నిలిపిన ట్రక్కు పేలి 168 మంది చనిపోయారు. వారిలో 19 మంది పిల్లలు. ఏటీఎఫ్ స్థానిక కార్యాలయం కూడా ఆ తొమ్మిదంతస్తుల భవనంలోనే ఉండేది. ముందు భాగంలో పై అంతస్తుల స్తంభాలు ఇరవై అడుగులకొకటి ఉంటే, కింద మాత్రం నలభై అడుగులకొకటే ఉండేవి. నేల దాకా రాకుండా మధ్యలోనే ఆగిన స్తంభాల బరువంతా మూడో అంతస్తు మట్టంలో ఒక పెద్ద దూలం మోసేది. పేలుడు ఒక స్తంభాన్ని నేరుగా నుగ్గు చేసింది, అటూ ఇటూ ఉన్న రెండు స్తంభాలు కూడా తట్టుకోలేకపోయాయి, ఆసరా పోయిన దూలంతో పాటు దానిపై అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి. బాంబు కంటే కూలుడే ఎక్కువ మందిని బలిగొంది. అప్పటి నుంచి అమెరికా ఫెడరల్ భవనాలకు రెండు పట్టింపులు వచ్చాయి: ఒక స్తంభం పోయినా పైభాగం నిలవాలి, వాహనం దగ్గరికి రాకూడదు.

రెండోదే ఊరికి చిక్కు తెచ్చేది. దగ్గరలో, దూరం రెట్టింపైతే పేలుడు పీడనం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఎంత మందపు గోడ కట్టినా దూరమంత చవకైన రక్షణ మరొకటి లేదు. మన మున్సిపాలిటీ ప్లానులో సెట్‌బ్యాక్ గాలికీ వెలుతురుకీ వదిలేది. ఇక్కడ అది ప్రాణానికి వదిలేది. నగరం నడిబొడ్డున అలా వదిలిన నేల ఏమవుతుందన్నదే వాస్తుశిల్పి ముందున్న అసలు ప్రశ్న. ఊరికే వదిలేస్తే బొలార్డులు, అంటే వాహనాలను ఆపే పొట్టి స్తంభాలు, పాతిన బీడవుతుంది. నీళ్లతో నింపితే అగడ్త అవుతుంది: ఓరుగల్లు మట్టికోట చుట్టూ కాకతీయుల కాలంలో ఉన్నదీ, లండన్‌లో 2018లో తెరుచుకున్న అమెరికా రాయబార కార్యాలయం పక్కన అర్ధచంద్రాకారపు కొలనుగా మారువేషం వేసుకున్నదీ అదే.

ఏటీఎఫ్ భవనానికి రూపకల్పన చేసిన మోషే సాఫ్డీ ఆ నేలను రెండు రకాలుగా వాడారు. అవెన్యూల వైపు వంపు తిరిగిన ఎత్తైన కాంక్రీటు పందిరి కట్టి, దాని లోపల తోట పెట్టారు. ఎండ వేళ పందిరి నీడ గళ్లుగళ్లుగా నేల మీద పరుచుకుంటుంది. చూడటానికి అందంగానే ఉంటుంది కానీ, దారిన పోయేవాడికి అది చూడటానికే. రెండో వీధి వైపు మాత్రం దుకాణాలు పెట్టారు. నాకు తోట కంటే అవే నచ్చాయి, ఎందుకంటే ప్రభుత్వంతో ఏ పనీ లేని మనిషి కూడా అక్కడ ఆగడానికి ఒక కారణం ఉంది. అద్దాలు ఎక్కువ పెట్టినంత మాత్రాన కార్యాలయం తెరిచి ఉన్నట్టు కాదని, ఈ మధ్య అద్దాల మోజులో పడ్డ మన వాస్తుశిల్పులతో నేను తరచూ వాదించేది ఇక్కడే.

దుకాణం పైకప్పు తగ్గుగా ఉండటం వల్ల ఆఫీసు కిటికీలకు వెలుతురు ఆగదు, కొనడానికి వచ్చినవాడికి తాను ఒక రక్షణ వలయంలో నిలబడ్డానన్న స్పృహే కలగదు. దుకాణాల వెనక గోడకూ కార్యాలయానికీ మధ్యనున్న జాగాలోకి మాత్రం అతనికి దారి లేదు.